హ్యూమ్ క్రెసెంట్లు ఎలా ఉండేవంటే: ఏ సంవత్సరంలో అని ముందు అడగాలి

ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం చదువుతున్న మీరు, మాంచెస్టర్‌లోని హ్యూమ్ క్రెసెంట్లనే వంపు భవనాల గురించి మీ పాఠంలో ఒకే ఒక్క పేరా ఉందనీ, అందులో అది ‘డిజైన్ వైఫల్యం’ అని తేల్చేశారనీ, ఆ ఇళ్ళలో నిజంగా ఉన్నవాళ్ళెవరైనా అవి ఎలా ఉండేవో, చుట్టుపక్కల ఏముండేదో, ఇప్పుడేమైనా మిగిలిందో చెప్పగలరా అనీ అడిగారు. నేను 1978 చివరి నుంచి 1980 వేసవి దాకా విలియం కెంట్ క్రెసెంట్‌లో అద్దెకున్నాను. వరంగల్ రీజినల్ ఇంజనీరింగ్ కళాశాలలో సివిల్ చదివి, పై చదువు కోసం మాంచెస్టర్‌లోని యూమిస్ట్ అనే సాంకేతిక విద్యాసంస్థకు వచ్చినవాణ్ణి. ఆ తరువాత పాతికేళ్ళకు పైగా, ఇళ్ళ గోడల్లో చెమ్మ ఎందుకు చేరుతుందో పరీక్షించి నివేదికలు రాయడమే నా ఉద్యోగమైంది. అందువల్ల ఈ జవాబులో జ్ఞాపకమూ వృత్తీ కలిసిపోయి ఉంటాయి. ముందుగా ఒక చిన్న సవరణ: మీరు రాసినట్టు ‘హల్మ్’ కాదు, అందులోని ‘ల’కారం పలకదు, ‘హ్యూమ్’ అనాలి. వచ్చిన మొదటి వారంలో నేనూ అలాగే పలికి, బస్సు కండక్టరుకు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

‘క్రెసెంట్లు ఎలా ఉండేవి’ అని ఎవరైనా అడిగితే, ‘ఏ సంవత్సరంలో’ అని తిరిగి అడగక తప్పదు. 1972లో తాళంచెవి అందుకున్న కుటుంబానికీ, 1978లో నాలాంటి విద్యార్థికీ, 1980ల చివర్లో గోడలు పగలగొట్టి రాత్రంతా పాటలు పెట్టుకున్న కుర్రవాళ్ళకూ అవి అవే భవనాలు, కానీ అదే చోటు కాదు. మీ పాఠం ఈ ముగ్గురినీ ఒకే వాక్యంలో ఇరికించబోయింది.

క్రెసెంట్లకు ముందు అక్కడ ఉన్నవి విక్టోరియా కాలపు ఎర్ర ఇటుకల వరస ఇళ్ళు. గడప దాటితే వీధి, వీధి మలుపులో పబ్బు, దాని పక్కన చిల్లర కొట్టు, పెరటి చివర మరుగుదొడ్డి. రోల్స్, రాయిస్‌ల పేరు పెట్టుకున్న తొలి కార్లు తయారైంది కూడా హ్యూమ్‌లోని కుక్ స్ట్రీట్ కర్మాగారంలోనే. ఆ గుర్తుగానే రాయిస్ రోడ్డు, రోల్స్ క్రెసెంట్ అన్న పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. 1960లలో మురికివాడల నిర్మూలన పేరుతో ఈ వీధుల్ని దాదాపుగా తుడిచిపెట్టి, వాటి స్థానంలో నగర పాలక సంస్థే కట్టించి అద్దెకిచ్చే ఇళ్ళను, అంటే కౌన్సిల్ ఇళ్ళను, లేపారు. వాటిలో పై అంతస్తుల్లో గుమ్మాల ముందు నుంచి సాగే నడక దారుల, అంటే డెక్కుల, మీదుగా నడిచి గుమ్మం చేరుకునే ఇళ్ళే మూడు వేలకు పైగా ఉండేవి. వీటన్నిటిలో పేరు మోసినవి, 1972 నాటికి పూర్తయిన నాలుగు వంపు భవనాలు. ఆ నాలుగింటిలో తొమ్మిది వందలకు పైగా ఇళ్ళు. రూపకర్తలు హ్యూ విల్సన్, లూయిస్ వొమర్స్‌లీ. బాత్ నగరంలో పద్దెనిమిదో శతాబ్దపు ధనికుల కోసం కట్టిన అర్ధచంద్రాకారపు ఇళ్ళ వరసలను కాంక్రీటులో, కార్మికుల కోసం మళ్ళీ కడుతున్నామన్నది వాళ్ళ భావన. అందుకే నాలుగింటికీ పాతకాలపు ఆర్కిటెక్టుల పేర్లు పెట్టారు: రాబర్ట్ ఆడమ్, జాన్ నాష్, చార్లెస్ బారీ, విలియం కెంట్. నేనున్న రెండేళ్ళలో ఆ పేర్లు ఎవరివో తెలిసిన అద్దెదారు ఒక్కరూ నాకు తగలలేదు.

వీటిని చాలామంది ‘టవర్లు’ అని రాస్తుంటారు, అది పొరపాటు. 1968 మేలో లండన్‌లోని రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో గ్యాసు పేలి ఒక మూల పైనుంచి కింది దాకా కూలిపోయాక, టవర్లంటేనే జనానికి నమ్మకం సన్నగిల్లింది. ఎత్తు తగ్గించి, పొడవు పెంచి, గాలిలోనే వీధులు వేసినట్టు డెక్కులు పెట్టడం అప్పటికి తెలివైన జవాబుగా కనిపించింది. కాగితం మీద చూస్తే ఇప్పటికీ నాకు అలాగే కనిపిస్తుంది.

ఇక అసలు విషయానికి, చెమ్మకు వస్తాను. ఆ ఇళ్ళకు వేడి నేలలోంచి వచ్చేది. గచ్చు కింద విద్యుత్ తీగలు పరిచి, కాంక్రీటు వేడెక్కి గదిని వెచ్చబరిచేలా ఏర్పాటు చేశారు. కరెంటు చౌకగా ఉంటుందని అనుకున్న కాలంలో వేసిన ప్రణాళిక అది. ఇళ్ళలో జనం కుదురుకుని రెండేళ్ళయినా నిండకముందే 1973 చమురు సంక్షోభం వచ్చింది, కరెంటు ధర పెరిగింది. బిల్లు చూసిన ప్రతి ఇల్లూ చేసే పనే వాళ్ళూ చేశారు: స్విచ్చి ఆపేసి, చక్రాల మీద తిరిగే చిన్న గ్యాసు హీటరో, కిరోసిన్ హీటరో తెచ్చుకున్నారు. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. ఒక లీటరు కిరోసిన్ కాలితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో గదిలోకి చేరుతుంది. మామూలు చిమ్నీ ఉన్న పొయ్యి అయితే ఆ ఆవిరి పొగతోపాటు పైకి పోతుంది. ఈ హీటరుకు చిమ్నీ లేదు, గది మధ్యలో ఉంటుంది. ఆ ఆవిరి గదిలో తిరిగి తిరిగి, అన్నిటికన్నా చల్లగా ఉన్న చోట నీరుగా మారుతుంది. ముందుగానే పోతపోసి తెచ్చి అమర్చిన కాంక్రీటు పలకల గోడల్లో, లోపలి వెచ్చదనాన్ని ఆపే పొర అంతంత మాత్రంగా ఉన్నచోట, ముఖ్యంగా పలకలు కలిసే మూలల్లో, చల్లని చోటు వెతుక్కోవలసిన పనే ఉండదు.

నా గది సంగతి చెబుతాను. 1978–79 చలికాలం ఇంగ్లండులో గుర్తుండిపోయిన చలికాలం. రాత్రి నేను అన్నం వార్చే అలవాటు మానలేదు. మూత తీసి గంజి వంచిన మరుక్షణం కిటికీ అద్దం తెల్లబడేది, పది నిమిషాల్లో దాని మీద ధారలు కట్టేవి. తెల్లవారేసరికి కిటికీ చట్రం కింద పరిచిన పాత తువ్వాలు పిండితే గిన్నెలోకి నీళ్ళు కారేవి. మంచం గోడకు ఆనించి ఉండేది. జనవరి నెలాఖరున ఒకరోజు పరుపు ఎత్తి చూస్తే, గోడవైపు అంచు పొడవునా నల్లటి చుక్కల బూజు. ఇంటి నుంచి తెచ్చుకున్న పుస్తకాల పెట్టెలో అడుగున ఉన్నవాటి అట్టలు ఉబ్బిపోయాయి. గోడకు చెయ్యి ఆనిస్తే, ఎండాకాలంలో మన ఇంట్లో కూజా పక్కన చెయ్యి పెట్టినట్టుండేది. పైకప్పు కారడం లేదు, పైపు పగలలేదు; ఆ నీరంతా నా ఊపిరి, నా అన్నం, నా హీటరు. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఏ మూల అద్దెదారు చెమ్మ మీద ఫిర్యాదు చేసినా, ‘వంట చేసేటప్పుడు కిటికీ తీయండి, బట్టలు ఇంట్లో ఆరేయకండి’ అనే సలహా రావడం మామూలు. సున్నా డిగ్రీల చలిలో, ఆర్పేసిన హీటరు పక్కన, కిటికీ తీసి కూర్చోమనడం అది. నా వృత్తి జీవితంలో సగం ఆ సలహాతో వాదించడానికే సరిపోయింది.

ఇదే వొమర్స్‌లీ అంతకుముందు షెఫీల్డ్ నగర ఆర్కిటెక్టుగా ఉన్నప్పుడు, 1961లో అక్కడ పార్క్ హిల్ అనే డెక్కుల భవన సముదాయం పూర్తయింది. అక్కడ వేడి ఒక కేంద్రం నుంచి గొట్టాల ద్వారా ఇళ్ళన్నిటికీ వచ్చేది. ఎవరి స్విచ్చి వాళ్ళు ఆపుకొని ఎవరి గోడ వాళ్ళు తడుపుకునే అవకాశం తక్కువ. పార్క్ హిల్ కూడా తరువాత చెడ్డపేరు తెచ్చుకుంది, అందులో అనుమానం లేదు, కానీ అది నిలిచింది. 1998లో వారసత్వ కట్టడంగా గుర్తింపు కూడా పొందింది. డెక్కులే దోషమైతే రెండూ ఒకేలా పోయి ఉండాలి. మీ వ్యాసంలో ఒకే ఒక్క పోలిక పెట్టే చోటుంటే ఇది పెట్టండి.

డెక్కు మీద జీవితం గురించి ఒక పెద్దావిడను తలచుకోకుండా చెప్పలేను. నా గుమ్మానికి మూడు గుమ్మాల అవతల ఉండేవారు. పాత వీధుల్లో పుట్టి పెరిగి, అవి కూల్చినప్పుడు ఈ ఇంటికి మారారు. లాంకషైర్ ఊళ్ళలో ఆడవాళ్ళు గుమ్మం మెట్టును తడిపి, డాంకీ స్టోన్ అనే మెత్తని రాయితో రుద్ది తెల్లగానో పసుపుగానో అంచు దిద్దేవారు. ఆ రాయిని పాత బట్టలు కొనేవాడు గుడ్డలకు బదులుగా ఇచ్చి వెళ్ళేవాడు. మా అమ్మ కళ్ళాపి చల్లి ముగ్గు వేసినట్టే, ‘ఈ ఇంట్లో మనిషి లేచింది’ అని వీధికి చెప్పడం. కొత్త ఇంటికి మెట్టు లేదు. ఆవిడ గుమ్మం ముందు డెక్కు కాంక్రీటును, సరిగ్గా తలుపు వెడల్పు మేరకు, శుక్రవారం శుక్రవారం మోకాళ్ళ మీద కూర్చుని కడిగేవారు. ఆ ముక్క ఒక్కటే మిగతా డెక్కు కన్నా లేత రంగులో ఉండేది. ఒకరోజు నేను సంచులతో వస్తూ దాని మీదుగా దాటబోతే, “నాయనా, ఆరనివ్వు” అన్నారు. ఆవిడ దగ్గర నేను విన్న ఫిర్యాదు చెమ్మ గురించి కాదు, కిటికీ గురించి. పాత ఇంట్లో వంటగది కిటికీలోంచి చూస్తే వీధిలో ఆడుకుంటున్న పిల్లలు కనిపించేవారట. ఇక్కడ చూస్తే ఆకాశం.

పిల్లల మాట వచ్చింది కనుక, మీ పాఠం వదిలేసిన అతి ముఖ్యమైన సంగతి చెప్పాలి. 1974లో అయిదేళ్ళ పిల్లవాడొకడు పై అంతస్తు బాల్కనీ నుంచి పడి చనిపోయాడు. ఆ తరువాత తల్లిదండ్రులు తమను వేరే ఇళ్ళకు మార్చమని సంతకాలతో అర్జీ పెట్టారు. మరుసటి ఏడాది జరిపిన సర్వేలో నూటికి తొంభై ఆరుమంది వెళ్ళిపోతామన్నారు. మెల్లగా కుటుంబాలను పంపించేసి, పిల్లలు లేనివాళ్ళకు, ఒంటరివాళ్ళకు, విద్యార్థులకు ఇళ్ళిచ్చారు. మాంచెస్టర్‌లో గది దొరకక తిరుగుతున్న నాకు రెండు అంతస్తుల ఇంట్లో సగం వాటా అంత సులభంగా ఎలా దొరికిందో, ఆ కారణం నాకు చాలాకాలం తెలియదు. తెలిశాక ఆ డెక్కు కంచె మీద మోచేతులు ఆనించి నిలబడటం మానేశాను.

చుట్టుపక్కల సంగతి. దక్షిణంగా మాస్ సైడ్‌లోని రాయల్ బ్రూవరీ అనే బీరు కర్మాగారం నుంచి గాలి ఇటు వీస్తే, ఉడికిన ధాన్యం వాసన డెక్కుల నిండా ఉండేది. మొదట్లో కడుపులో తిప్పేది, తరువాత అది రాని రోజున ఏదో లోటనిపించేది. సెయింట్ మేరీ చర్చి పొడవాటి శిఖరం ఎటు చూసినా కనిపించేది కనుక, దారి తప్పినప్పుడు అదే గుర్తు. ఉత్తరాన, నగరానికి అడ్డంగా, మాంకునియన్ వే అనే ఎత్తు రహదారి. సరుకుల కోసం శనివారం రషోమ్‌ దాకా నడిచేవాళ్ళం. కందిపప్పూ, చింతపండూ అక్కడ దొరికేవి, కరివేపాకు మాత్రం అదృష్టం బట్టి. అటు హ్యూమ్ హిప్పోడ్రోమ్, దాని పక్కనే ప్లేహౌస్ అనే పాత నాటకశాలలు ఉండేవి. ప్లేహౌస్‌లో అప్పట్లో బీబీసీ రేడియో కార్యక్రమాలు రికార్డు చేసేది. బీటిల్స్ తమ మొట్టమొదటి బీబీసీ రేడియో కార్యక్రమాన్ని 1962 మార్చిలో రికార్డు చేసింది అక్కడే. ఈ విషయం నాకు ఎవరూ చెప్పలేదు, ఇరవై ఏళ్ళ తరువాత చదివి తెలుసుకున్నాను.

రాయిస్ రోడ్డులోని రస్సెల్ క్లబ్బు మరొకటి. బస్సుల్లో పనిచేసే కరీబియన్ దీవులవాళ్ళు ఎక్కువగా వెళ్ళే చోటు అది. మా డెక్కు మీదే ఉండే జమైకా డ్రైవరొకాయన డామినో ఆటకు నన్నూ తీసుకెళ్ళేవాడు. బిళ్ళను బల్ల మీద పెట్టడం కాదు, తుపాకీ పేలినట్టు కొట్టడం. 1978 మే నుంచి కొన్ని రాత్రులు అదే హాలును టోనీ విల్సన్, అలాన్ ఎరాస్మస్ తీసుకొని ‘ఫ్యాక్టరీ’ పేరుతో కొత్త బృందాల చేత పాడించేవారు. వాళ్ళ రికార్డుల సంస్థకు ఆ పేరు వచ్చింది అక్కడి నుంచే. నేను ఒక్కసారి వెళ్ళి, ఇరవై నిమిషాల్లో చెవులు మూసుకుని బయటపడ్డాను. ఇప్పుడు నా మనవడు ఆ మాట విని నన్ను క్షమించలేకపోతున్నాడు. ప్రిన్సెస్ రోడ్డు మీదుగా ఎపింగ్ వాక్ అనే కాలినడక వంతెన ఉంది. 1979 జనవరి మంచులో, జాయ్ డివిజన్ అనే సంగీత బృందాన్ని కెవిన్ కమిన్స్ ఫొటో తీసింది ఆ వంతెన మీదే. ఆ నలుపు తెలుపు బొమ్మ వల్ల హ్యూమ్ ప్రపంచానికి తెలిసింది. ఆ నెలలోనే అదే వంతెన మీద నేను జారి పడి మణికట్టు బెణికించుకున్నాను.

1980లో నేను నగరానికి దక్షిణంగా మారిపోయాను. మరుసటి ఏడాది జూలైలో మాస్ సైడ్ అల్లర్లు జరిగాయి, ఆ తరువాత ఊరివాళ్ళు హ్యూమ్, మాస్ సైడ్ అన్న రెండు పేర్లనూ కలిపే పలికేవారు. ఆ దశాబ్దంలో పనిమీద అప్పుడప్పుడూ క్రెసెంట్లకు వెళ్ళేవాణ్ణి, చేతిలో రెండు సూదుల చెమ్మ మీటరుతో. బొద్దింకలు గొట్టాల దారుల గుండా ఇంటి నుంచి ఇంటికి పోయేవి. ఒక ఇంట్లో మందు కొడితే పక్కింటికి వలస. లిఫ్టు పనిచేస్తున్నదా లేదా అని అడగడం కూడా జనం మానేశారు. అయినా ఆ ఏళ్ళలో అక్కడ ఉన్నవాళ్ళతో మాట్లాడితే, చాలామంది ఆ చోటును అపురూపంగా చెప్పుకుంటారు. అద్దె అడిగేవాళ్ళు అరుదు, శబ్దం గురించి గొణిగేవాళ్ళు లేరు, గోడమీద బొమ్మ వేస్తే ఎవరూ చెరపరు. చార్లెస్ బారీ క్రెసెంట్‌లో కొందరు ఇళ్ళ మధ్య గోడలు పగలగొట్టి, ‘కిచెన్’ అనే పేరుతో తెల్లవార్లూ నడిచే డాన్సు గది చేసుకున్నారు. ఇంజనీరుగా ఆ గోడల్లో బరువు మోసేవి ఎన్నో తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ. ఈ ఆనందాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను, అలాగని దాన్ని చూపించి ఆ భవనాలు మంచివనేవాళ్ళతోనూ ఏకీభవించను. పిల్లలు లేని ఇరవై రెండేళ్ళ మనిషి తడి గోడను భరించగలడు. ఉబ్బసమున్న పసివాడున్న ఇల్లాలు భరించలేదు, ఆ ఇల్లాలి కోసమే అవి కట్టింది.

1991 నుంచి 1994 దాకా దశలవారీగా కూల్చారు. పూర్తయి అప్పటికి ఇరవై రెండేళ్ళు. వాటి కోసం తీసుకున్న అప్పులు అంతకన్నా చాలా పొడవైనవి. 1992లో ‘సిటీ ఛాలెంజ్’ అనే ప్రభుత్వ పథకం కింద హ్యూమ్ పునర్నిర్మాణానికి 3 కోట్ల 75 లక్షల పౌండ్లు కేటాయించారు. కూల్చివేత సాగుతున్న రోజుల్లో ఒక ప్రదర్శన బృందం పైకప్పుల నుంచి పాత కార్లను కిందికి తోసి, మంటలు వేసి వీడ్కోలు పలికింది. నేను చూడలేదు, చూసినవాళ్ళు ఇంకా చెబుతూనే ఉంటారు. నేను చూసింది అంతకన్నా చిన్నది. విలియం కెంట్‌ను నిలువునా కోసేశాక, తెరుచుకున్న గదుల వరస కనబడింది; ఒక్కో గదికీ ఒక్కో రంగు వాల్‌పేపరు, ప్రతి గదిలోనూ అదే మూలన, నేల నుంచి మోకాలెత్తు దాకా నల్లటి త్రికోణం. తొమ్మిదో పదో లెక్కపెట్టాను. ఇళ్ళు మారాయి, మనుషులు మారారు, చెమ్మ మచ్చ ఆకారం మారలేదు. పలక అతుకు ఉన్నచోటే అది. అద్దెదారుల అలవాట్ల వల్ల చెమ్మ వస్తుందని ఎవరైనా నాతో అంటే, నా జవాబు ఆ కోత బొమ్మే.

ఇప్పుడు ఏం మిగిలిందంటే: క్రెసెంట్లలో ఒక్క రాయి కూడా లేదు. ఆ నేల మీద ఒక ఉద్యానవనమూ, మళ్ళీ ఇటుకల ఇళ్ళూ, మళ్ళీ వీధి మలుపులూ. క్రెసెంట్లు కట్టినప్పుడు తెగిపోయిన స్ట్రెట్‌ఫర్డ్ రోడ్డును తిరిగి కలిపి, ప్రిన్సెస్ రోడ్డు మీదుగా 1997లో హ్యూమ్ ఆర్చ్ వంతెన వేశారు. ఒకే ఒక్క ఉక్కు కమాను, రోడ్డుకు ఐమూలగా ఒక పక్క నుంచి మరో పక్కకు దూకుతుంది. తీగలు రెండు వైపులకూ విప్పిన విసనకర్రల్లా దిగుతాయి. వెళ్తే దాని కింద నిలబడి చూడండి. చర్చి శిఖరం ఉంది, ఎపింగ్ వాక్ వంతెన ఉంది, హిప్పోడ్రోమ్ మూతబడి ఉంది.

చివరగా, మీ గైడుకు చూపించదగ్గది ఒకటుంది. పాత క్రెసెంట్లవాళ్ళు కొందరు సహకార సంఘంగా ఏర్పడి ‘హోమ్స్ ఫర్ ఛేంజ్’ పేరుతో 1996లో కొత్త భవనం కట్టించుకున్నారు. ఆర్కిటెక్టులతో కూర్చుని తమకేం కావాలో వాళ్ళే చెప్పారు, చెప్పినవాటిలో డెక్కులు కూడా ఉన్నాయి. నలుగురూ నడిచే దారి తమ గుమ్మం ముందు నుంచే పోవాలని, డెక్కుల మీద ఇరవై ఏళ్ళు బతికినవాళ్ళు కోరి అడిగారు. కొన్నేళ్ళ కిందట ఒక జనవరిలో అక్కడ ఉండే పాత పరిచయస్థుడి ఇంటికి వెళ్ళాను. టీ పెట్టడానికి ఆయన వంటింట్లోకి వెళ్ళగానే, అలవాటు చావక, బయటి గోడ మూలన నేల దగ్గర చెయ్యి ఆనించి చూశాను. పొడిగా ఉంది. “నువ్వు మారవు” అన్నాడాయన కప్పులు పట్టుకొచ్చి.